పడమటి దారి

సేటు రామచంద్రయ్య చేత యాత్ర దారి మార్పించడం సత్తయ్య పన్నాగంలో మొదటి మెట్టు.

రామచంద్రయ్యకు మొయినాబాదులో బియ్యం మిల్లు ఉండేది. దాన్ని కొడుకులకు అప్పగించి, వేలంలో ఒక పాత బస్సు కొన్నాడు. సీట్లు పీకించి రెండు మంచాలు వేయించాడు. కిరోసిన్ స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, భార్య నీలమ్మ కోసం దేవుడి అర కూడా అమర్చాడు. ఊరంతా దాన్ని ఇల్లుబండి అనేది. ఆ ఏడు వసంతమంతా కొండల్లోనే తిరగాలని ముసలాయన కోరిక. బండి తోలేది సత్తయ్య. సేటు ప్రహరీకి పడమటి వైపు ఆనుకుని ఉన్న పెంకుటిల్లు అతనిది. అది దాటితే ఇక చేలే.

సేటు మంచం మీద పటం పరిచి శ్రీశైలం, తిరుమల, నీలగిరుల మీదుగా వేలు జరిపాడు. సత్తయ్య తల అడ్డంగా ఊపాడు. అటు వెళ్లాలంటే పట్నం దాటాలి. పట్నంలో తెలంగాణ గొడవలు, కర్ఫ్యూ. ఎప్పుడు ఏ బండి తగలబడుతుందో చెప్పలేని రోజులు.

"పడమటికి పోదాం సేట్. చేవెళ్ల మీదికెల్లి అనంతగిరి ఎక్కుదాం. ఆడికెల్లి మహాబలేశ్వరం, ఆబూ కొండ. ఎండలు ముదిరేసరికి హిమాలయాల కాడ ఉంటం" అన్నాడు.

సేటు మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు ఎర్ర పెన్సిలు తీసి పడమటికి గీత గీశాడు.

సత్తయ్యకు హిమాలయాలతో పనిలేదు. అతని యాత్ర అనంతగిరితో సరి. దగ్గర్లోనే వికారాబాదు స్టేషను. రైలెక్కాడంటే పొద్దుగూకేలోగా రాష్ట్రం దాటేయొచ్చు. చేతిలో నీలమ్మ బంగారం ఉంటే చాలు.

ఆ బంగారమంతా గుడ్డసంచిలో కట్టి ఆమె ఇల్లుబండిలోని ఆకుపచ్చ ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. కోడళ్ల మీద ఆమెకు అంత నమ్మకం మరి. ఆమె పెట్టడం సత్తయ్య కళ్లారా చూశాడు.

ఊహ తెలిసిన దగ్గర్నుంచి పరాయి వాళ్ల బండ్లు తోలి తోలి అతనికి విసుగు పుట్టింది. సొంత లారీ కొనాలి, దాని నుదుటి మీద తన పేరు రాయించుకోవాలి. ఆ కోరిక అతన్ని నిద్ర పోనిచ్చేది కాదు. భార్య బాలనర్సమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. దారిలో కొత్తిమీర కట్ట దొరికినా ఎవరిదో కనుక్కుని ఇచ్చి వచ్చే మనిషి ఆమె. ఆమెతో దొంగతనం చేయించడం బ్రహ్మతరం కూడా కాదు.

బుధవారం ఉదయం ముహూర్తం. తీరా ఆ పొద్దున్నే బంద్ అన్నారు. ఆడమనిషితో దారిలో చిక్కుకుపోతానని భయపడి సేటు ప్రయాణం మర్నాటికి మార్చాడు. మంచి ముహూర్తం చేజారిపోతోందని నీలమ్మ సణిగింది. దానికీ ఒక పద్ధతి ఉందిలే అన్నాడాయన. ముహూర్తాల గోల సత్తయ్య చెవికెక్కలేదు. రేడియేటరుకు నీళ్లు తేవడానికి బావికి వెళ్లాడు.

బావి దగ్గర అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రేపటిదాకా ఆగడమెందుకు?

తిరిగొచ్చి ఘాటు రోడ్డు ఎక్కేముందు బ్రేకులు చూపించాలన్నాడు. చేవెళ్లలో ఎరిగిన మేస్త్రీ ఉన్నాడు, బంద్ అయినా ఇంటి దగ్గర చూస్తాడన్నాడు. జర పైలం అని సేటు సాగనంపాడు. ట్రంకుపెట్టె మంచం కింద ఉండనే ఉంది, తాళంతో సహా.

తన ఇంటి ముందు నుంచి పోతుంటే బాలనర్సమ్మ గడప దగ్గరికి పరుగున వచ్చి చేయి ఊపింది. ఏదో చెప్పాలని ఆరాటపడుతోంది. సత్తయ్య చూడనట్టు నటించి బండి వేగం పెంచాడు. లారీ కొన్నాక పిలిపించుకుంటానని సర్దిచెప్పుకున్నాడు.

చేవెళ్లలో కుర్రాళ్లు అడ్డం నిలబడ్డారు. వాళ్లకంటే ముందు తనే జై తెలంగాణ అని అరిచాడు. వాళ్లు ముచ్చటపడి బండి ముందు సున్నంతో ఆ మాటే రాసి వదిలారు.

అనంతగిరి మీద మోదుగులు విరగబూశాయి. సత్తయ్య వాటి వంక కూడా చూడలేదు. బండి చెట్ల చాటుకు పోనిచ్చి, పానాతో తాళం పగలగొట్టి, పెట్టె తెరిచాడు.

లోపల గొంగళ్లు, మంకీ టోపీలు, ఒక అల్లప్పచ్చడి సీసా. గొంగళ్లన్నీ దులిపాడు. మళ్లీ దులిపాడు. సంచి లేదు.

బంగారం లేకుండా పారిపోతే మిగిలేది దొంగ అన్న పేరొక్కటే. పగిలిన తాళాన్ని ఎట్లాగో తగిలించి, ఏడవలేక నవ్వు మొహం పెట్టుకుని, దీపాలు పెట్టే వేళకు మొయినాబాదు చేరాడు. బ్రేకులు ఎట్లా పడుతున్నాయో చూద్దామని ఘాటు దాకా పోయి వచ్చానన్నాడు. సేటు భుజం తట్టి మెచ్చుకున్నాడు.

అరుగు మీద నీలమ్మ కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో అదే గుడ్డసంచి. సత్తయ్య కళ్లు దానికి అతుక్కుపోయాయి.

"గట్ల జూస్తవేంది సత్తయ్యా, ఇది నా బంగారమే" అంది నీలమ్మ. "ముహూర్తం తప్పొద్దని పొద్దున ప్రస్థానం పెట్టినం. బయలెల్లుడు కుదరనప్పుడు, పోయే దిక్కున ఉన్న ఇంట్ల మూట పెడితే పయనం మొదలైనట్టే లెక్క. నువ్వు పడమటికన్నవ్. మాకు పడమటికి మీ ఇల్లొక్కటే ఉన్నది. నువ్వు బావికాడ ఉంటే బాలనర్సమ్మ చేతికిచ్చి వచ్చిన. పొద్దంత బువ్వ తినకుంట దీని పక్కనే కూసున్నదట. మొగడు ఇంట్ల లేడు, నాకు భయమైతున్నదని ఇప్పుడే తెచ్చిచ్చి పోయింది. నువ్వు ఇంటికాడ ఉంటే రేపటిదాంక మీ ఇంట్లనే ఉండేది."