కోటు జేబులో చీటీ

లాడ్జి మేనేజరు కోటు జేబులో ఆ చీటీ దొరకగానే తన దశ తిరిగిందనుకున్నాడు లాండ్రీ యజమాని.

ఉతికే ముందు జేబులు వెతకడం ఆ షాపులో అతని భార్య పని. ఈ మధ్య ఆమెకు ఏ పనీ ఓ పట్టాన సాగడం లేదు. ఆ రోజైతే తలనొప్పని పక్క దిగనేలేదు. దీనికి ఒళ్లు వంచాలంటే బద్ధకమని సణుక్కుంటూ తనే వెతికాడు.

అది డాక్టరు రాసిన మందుల చీటీ. పేరున్న పైముక్క ఎవరో చింపేశారు. మందుల షాపతన్ని అడిగితే, మనసుకు జబ్బు చేసినవాళ్లకిచ్చే మాత్రలన్నాడు. నిద్ర పట్టదు, తిండి సయించదు, దేనిమీదా ఆసక్తి ఉండదు, ఊరికే కన్నీళ్లొస్తాయి, వేళకు వాడితే చాలామంది కోలుకుంటారని కూడా చెప్పాడు. ఆ చివరి మాట యజమాని చెవికెక్కలేదు.

ఆ పూటంతా ఎదుటి లాడ్జిలోని మేనేజరులో అతనికి కనిపించని లక్షణం లేదు. ఆవులిస్తే నిద్ర కరువు. టీ సగం వదిలేస్తే తిండి సయించకపోవడం. తుమ్మి కళ్లు తుడుచుకున్నాడా, ఇంకేముంది, ఏడుపే.

లాడ్జి దుప్పట్ల కాంట్రాక్టు పోయిన నెలే పక్క వీధి లాండ్రీకి పోయింది. అది తిరిగి రాకపోతే షాపు మూసుకోవడమే. ఇప్పుడు మేనేజరు జుట్టు చేతికి చిక్కింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పథకమంతా భార్యకు చెప్పాడు. ఆమె కంచంలో మెతుకులు కెలుకుతూ విని, ఎవరి బాధ ఎవరికి తెలుసు, ఆ చీటీ చింపేయండి అంది.

"పిచ్చోళ్ల మీద జాలేంటే? ముందు నువ్వు తిను. అన్నం దగ్గర కూడా నసే."

మర్నాడు మేనేజరు కోటు కోసం వచ్చాడు. యజమాని కోటుతో పాటు చీటీనీ బల్ల మీద పెట్టాడు. దుప్పట్లు మళ్లీ తన షాపుకే రావాలని, లేకపోతే మేనేజరుగారికి మతి చలించిందని ఊరంతా చాటుతానని ఎంతో మర్యాదగా చెప్పాడు.

మేనేజరు చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నాది కాదయ్యా. అయినా జ్వరమొస్తే మందేసుకోమా? ఇందులో దాచుకునేదేముంది?"

"దొరికినవాళ్లందరూ అనేది అదే సార్. మీ జేబులోది మీది కాకపోతే మా ఇంటిదా?"

భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, వచ్చి చీటీ అందుకుంది.

"మన ఇంటిదేనండీ. మీరేమంటారోనని కొనే ధైర్యం చాల్లేదు. జేబులు చూసేది నేనే కదా, మీ కంట పడదని ఆ కోటులో దాచాను. ఊరంతా తర్వాత చాటుదురుగాని, ముందెళ్లి ఈ మందులు పట్టుకురండి."