చోటు తప్పిన అలమర

“చక్రాలు బిగిస్తే అది అలమర అవుతుందా, తోపుడుబండి అవుతుందా?” అన్నారు కంపోజిటరు గారు, కిటికీ పక్క కుర్చీలోంచి కదలకుండానే.

వడ్రంగి చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ముందుగది నడుమ అలమర విడివడి ఉంది. ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించుకునే చెక్కపెట్టెలు నాలుగు. వాటిలోంచి దించిన పుస్తకాలు చాపమీద. అతడు అయ్యగారి వంకా అమ్మగారి వంకా మార్చిమార్చి చూశాడు.

“నువ్వు కానివ్వు నాయనా. ఆయన అంటూనే ఉంటారు,” అంది ఇల్లాలు.

“ఇంట్లో నా మాట చెల్లే రోజులు పోయాయన్నమాట.”

“ఊడ్చుకోవడానికండీ. దాని వెనక దుమ్ము మేటలు వేసింది. జరపబోతే నా నడుము పట్టేస్తోంది. పోనీ మీరొచ్చి జరిపి పెడతారా?”

ఆయన కిటికీ వైపు ముఖం తిప్పుకున్నారు. పడినప్పుడు విరిగిన తుంటి ఎముక అతుక్కుందనీ, ఇక నడకే మందనీ, నడవకపోతే కాళ్లు ఆ విద్యనే మరిచిపోతాయనీ వైద్యుడు చెప్పి పంపాడు. అయినా పడిననాటి భయం ఆయన మోకాళ్లలో కాపురం పెట్టింది. గోడకు ఆనించిన వాకరును కన్నెత్తి చూడరు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. అదీ ఆమె భుజం ఊతగా. మిగిలిన ఆయుష్షంతా ఆ కుర్చీకే అంకితమైపోతుందేమోనన్న దిగులును ఆమె దేవుడికి తప్ప మరొకరికి చెప్పుకోలేదు.

వడ్రంగి పక్కన కూర్చుని ఆమె గొంతు తగ్గించింది. “నాలుగూ పేర్చకు. రెండు చాలు, నడుమెత్తున ఉండాలి. అడుగుపెట్టెలో బరువైన పుస్తకాలు సర్దుదాం.”

“సుళువుగా తిరిగే చక్రాలు తెచ్చానమ్మా. వేలితో నెట్టినా పరిగెడతాయి.”

“పరుగులు వద్దు. బిగువుగా తిరిగేవి లేవూ? ఆనుకుంటే నిలవాలి. నెడితే నిదానంగా కదలాలి.”

వడ్రంగి గోడవారనున్న వాకరును ఒకసారి చూశాడు. సంచిలోంచి వేరే చక్రాలు తీశాడు.

మర్నాడు ఉదయం గది ఊడ్చి, అలమరను ఆయన కుర్చీకి చేయి అందేంత దూరంలో అడ్డంగా వదిలేసి, ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

“ఏమే, దీన్ని దాని చోట పెట్టవా?”

“చేయి ఖాళీ లేదండీ. కాసేపు కళ్లు మూసుకోండి.”

కళ్లు మూసుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అచ్చుకూటంలో సీసపు అక్షరాలను గళ్లలోంచి తీసి కూర్చి, పని తీరగానే దేనిని దాని గడిలోనే వేసి వచ్చిన చేతులవి. ఒక గడిలో పడవలసిన అక్షరం పక్క గడిలో పడిందంటే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. ఆమె పన్నాగమంతా ఆ చాదస్తాన్ని నమ్ముకునే సాగింది.

ఆయన కొంతసేపు సణిగారు. కొంతసేపు కిటికీలోంచి చూశారు. ఆ తరువాత కుర్చీ కిర్రుమంది. ఆమె వంటింటి తలుపుచాటుకు వచ్చి తొంగి చూసింది. రెండు చేతులూ అలమర అంచున ఆనాయి. చక్రాలు గుర్రుమన్నాయి. ఒక అడుగు పడింది, ఆగింది, మరొకటి పడింది. అలమర గోడను చేరేసరికి పొయ్యిమీద పాలు పొంగిపోయాయి. ఆమె కళ్లూ అంతే.

“ఇంట్లో ఒక పద్ధతీ పాడూ లేదు,” అన్నారాయన, గోడ పట్టుకుని కుర్చీకి తిరిగి వస్తూ.

“దిద్దడానికి మీరున్నారుగా.”

నాటి నుంచి అది ఆ ఇంటి నిత్యకృత్యమైంది. ఒకనాడు వాకిలికి అడ్డంగా, ఒకనాడు కిటికీకి ఎదురుగా. ఆమె తప్పు చేయడం, ఆయన తిట్టుకుంటూ దిద్దడం. చోటు తప్పే దూరమూ మెల్లమెల్లగా పెరిగింది.

“నీకు బుద్ధి ఎప్పుడొస్తుందే?”

“తిడుతూ ఉండండి, ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.”

అలా సాగుతుండగా ఆమెకు జ్వరం తగిలింది. తెల్లవారినా తల ఎత్తలేకపోయింది. పాలు కాచి ఇచ్చి, ఆయనకు కుర్చీ దాకా చేయూతనిచ్చి పొరుగింటావిడ వెళ్లిపోయింది. ఒళ్లు కాలిపోతున్నా ఆమె బెంగ జ్వరం గురించి కాదు. ముందుగదిలో అలమర ఈ రోజు గోడకు ఆనుకుని, బుద్ధిమంతురాలిలా నిలబడి ఉంది. ఒక్కరోజు కూర్చుండిపోతే చాలు, ఆ కాళ్లను భయం మళ్లీ పట్టుకుంటుంది.

“స్వామీ, ఈ ఒక్క పూటకు నువ్వైనా జరిపి పెట్టవయ్యా,” అని దుప్పటి లోపలే చేతులు జోడించింది.

ముందుగదిలో చక్రాలు గుర్రుమన్నాయి.

ఆమె ఉలిక్కిపడి లేచింది. తలుపు పట్టుకుని, తూలుతూ వెళ్లి చూసింది. అలమర గది నట్టనడుమ, ఆమె ఏనాడూ పెట్టనంత వంకరగా ఉంది. దాని అంచు పట్టుకుని ఆయన రొప్పుతూ నిలబడి ఉన్నారు.

“దీన్ని ఎవరు జరిపారండీ?”

“ఇంకెవరు, నువ్వే.”

“నేను పొద్దుటి నుంచి మంచం దిగలేదు.”

ఆయన చూపు తిప్పుకున్నారు. పుస్తకాల వరుస సవరించారు. సవరించినవే మళ్లీ సవరించారు.

“వచ్చి నా కుర్చీలో కూర్చో,” అన్నారు చివరికి, మెల్లగా. “తిట్టుకుంటూ దీన్ని గోడ దాకా తోస్తాను. అది చూస్తేగాని నీకు జ్వరం తగ్గదు.”