పాలోడు

"తిన్నవా బిడ్డా?"

ఫోన్లో సోమలింగం మొదటి మాట ఎప్పుడూ అదే.

"తిన్న గని, అసలు ముచ్చట చెప్పు," అన్నాడు ఓంప్రకాష్.

సూరత్‌లో, గోడాదరా సందులో, అతనుండే గది నలుగురిది. కరోనా రెండోసారి విరుచుకుపడి మరమగ్గాల షెడ్డు మూతపడగానే మిగతా ముగ్గురూ ఒరిస్సా రైలెక్కారు. ఓంప్రకాష్ మిగిలిపోయాడు. రైళ్లు లేక కాదు, దిగి ఎవరింటికి పోవాలో తెలియక.

అతను పుట్టింది సూరత్‌లోనే. తండ్రి మొహం గుర్తులేదు. తల్లి పోయేముందు చెప్పిన మాట మాత్రం గుర్తుంది.

"ఊళ్లె సోమలింగం ఉన్నడు. మన పాలోడు. పంట పాలు పంపుతడు."

పాలంటే భాగం. భాగానికి పొలం చేసేవాణ్ణి గుజరాతీలో భాగియో అంటారు. అంటే సోమలింగం భాగియో, తాను సేఠ్. ఓంప్రకాష్ తెలుగుకు అంతకుమించి లోతు లేదు.

ఏటా కోతలయ్యాక బస్సు డిక్కీలో బియ్యం బస్తాలొచ్చేవి. ఫోన్లో కొంత పైకం పడేది. ఇక చాయ్ బండి దగ్గర అతని సొంత డబ్బా మొదలయ్యేది.

"ఖేతీ కమాయికి, పంట పైసలకు, టాక్స్ లేదు భాయ్. మీరు కట్టుండ్రి. మేం జమీందార్లం."

"జమీందార్ సాబ్, ముందు చాయ్ పైసలియ్యి," అనేది బండి నడిపే కొమురవ్వ.

ఇప్పుడా బండీ లేదు, ఆ ఎకసెక్కమూ లేదు.

"అసలు ముచ్చటేం లేదు బిడ్డా, నీ గొంతు విందామని," అన్నాడు సోమలింగం. "ఉగాదొస్తున్నది. ఓపాలి ఊరికి రారాదు?"

పొలం చేసేవాడు తియ్యగా మాట్లాడాడంటే పంటకు ఎక్కడో కన్నం పడ్డట్టే అనుకున్నాడు ఓంప్రకాష్.

"ఉగాదంటె యాదికొచ్చింది సోమలింగం. ఇగ పాలు గీలు వద్దు. ఓసారి వాన పడ్డదంటవ్, ఓసారి దోమ పడ్డదంటవ్. నువ్విచ్చిందే లెక్క. ఈసారి నుంచి ఠేకా. పండినా ఎండినా ఏడాది పైసలు ముందుగాల్నే నాకు పడాలె."

"గుత్తకంటవా?"

"అదే, ఏదో ఒకటి. ఈడ మగ్గాల సాంచాలు బందైనయ్. నేనేం తినాలె?"

అవతల దగ్గు వినిపించింది.

"నిజమే బిడ్డా. గని ముందుగాల కట్టెటంత పైకం నాతాన యాడిది?"

"లేకుంటె వదిలెయ్. చేసెటోడు ఇంకోడు దొరకడా?"

"దొరుకుతడు. మన దేవదాస్ ఉన్నడు. నెమ్మది మనిషి."

"అయితె ఆయనకే మాట్లాడు. ఉగాదికి నువ్వు ఖాళీ చెయ్యి."

"సరే బిడ్డా."

బేరం లేదు, బతిమాలుడు లేదు. ఇన్నేళ్లూ బాగానే వెనకేసుకున్నట్టున్నాడు ముసలోడు, అనుకున్నాడు ఓంప్రకాష్.

"ఒక్క మాట," అన్నాడు సోమలింగం. "పొలం ఇడిచిపెట్టినా, జర ఫోన్ చెయ్యొచ్చునా?"

"ఎందుకు? ఇగ మనకు హిసాబ్ ఏమున్నది?"

ఫోన్ పెట్టేశాడు.

ఉగాదికి గుత్త పైసలు పడ్డాయి. గది కిరాయి కట్టాడు. గ్యాసు తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు.

మొదట్లో హాయిగానే ఉంది. రానురాను గది పెద్దదైపోయినట్టనిపించింది. బయట అంబులెన్సులు తప్ప ఏ అలికిడీ లేదు. ఒక మధ్యాహ్నం అన్నం వండి, కంచం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. తిన్నవా అని అడిగేవాడు లేకపోతే తినబుద్ధి కాదని అతనికి ఇంతకుముందు తెలియదు.

తానే ఫోన్ చేద్దామా?

సేఠ్ పోయి భాగియోకు ఫోన్ చేయడమేమిటి? ఆగిపోయాడు.

తొలకరికి ముందు దేవదాస్ ఫోన్ చేశాడు.

"ఓంప్రకాషూ, సోమలింగం పోయిండు బిడ్డా. కరోనా."

"అయ్యో. ఎట్ల?"

"పొలం ఇడిచిపెట్టినంక వడ్ల కుప్పల కాడ కావలికి కుదిరిండు. ఆడనే అంటుకున్నది. ఎవ్వలూ దగ్గరికి పోలె. పంచాయతోళ్లు ట్రాక్టర్ల ఏసుకపోయి కాలవెట్టిండ్రు."

"మంచోడే పాపం," అన్నాడు ఓంప్రకాష్.

"సరే, నువ్వు ఆడనే గుండు కొట్టిచ్చుకొని తానం చెయ్యి. మైల వట్టు. ఆయనకు ఇంకెవలున్నరు?"

ఓంప్రకాష్‌కు అర్థం కాలేదు.

"నాకెందుకు కాకా గుండు? ఆయన ఉత్త పాలోడాయె. నా పొలం జేసెటోడు."



"నీ పొలం యాడిది?" అన్నాడు దేవదాస్, మెల్లగా. "మీ బాపు సూరత్ పోయెటప్పుడే అమ్ముకపోయిండు. నువ్వు ఖాళీ చెయ్యిమన్నది సోమలింగం సొంత పొలం."

"మరి... గుత్త పైసలు?"

"పిలగానికే పంపుమన్నడు. ముచ్చట చెప్పకుమన్నడు. భూమి లేదని తెలిస్తె వానికి ఊరే లేకుంట పోతదన్నడు."



"ఎందుకు కాకా? నాకేమైతడని అంత చేసిండు?"

"పాలుకు జేసెటోడు వేరు, పాలోడు వేరు బిడ్డా, మీ తాతా ఆయన నాయినా ఒక్క తల్లి కడుపుల పుట్టిండ్రు, సోమలింగం నీకు పెద్దబాపు."