నూట పన్నెండో మెట్టు

ముప్ఫై మెట్లు ఎక్కిన పెద్దావిడ ఆగి, వెనక్కి తిరిగి కిందికి దిగడం మొదలుపెట్టింది.

"ఏమైందమ్మా?" గైడు కంగారుపడ్డాడు.

"లెక్క తప్పింది బాబూ. మళ్లీ మొదటినుంచి ఎక్కుతాను."

గైడుకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పొద్దుగూకేలోగా రెండు రాజమహళ్లు, రెండు సముద్రపు ఊళ్లు చూపించాలి. ఇంకా మొదటిదైన కొండ మహలు గుమ్మమైనా తొక్కలేదు.

"లెక్కెందుకమ్మా? నూట పన్నెండు. నేను చెబుతున్నాగా!"

"నువ్వు లెక్కపెట్టావా?"

"పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకం?"

అడగడమే ఆలస్యం. తోటి గైడ్లు అతనికి రేడియో అని ఊరికే పేరు పెట్టలేదు మరి.

సంచిలోంచి జిరాక్సు కాగితాల కట్ట తీశాడు. అంతా చేతిరాత. ఏ గదిలో ఎంతసేపు ఆగాలి, రాణిగారి కిటికీ దగ్గర ఏ జోకు వెయ్యాలి, ముసలివాళ్లని ఏ నీడన కూర్చోబెట్టాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. టూరిస్టు ఆఫీసులో చేరిన ప్రతి గైడూ దాన్ని కంఠతా పట్టాల్సిందే. మొదటి పేజీ ఎప్పుడో ఊడిపోయింది, దాంతోపాటే రాసినవారి పేరూ పోయింది.

"మేం పెద్దాయన అంటాం. నాకు అన్నం పెడుతున్నది ఆయన రాతేనమ్మా. కనిపిస్తే కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటాను."

పెద్దావిడ చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, "ఒకటి, రెండు" అంటూ మళ్లీ మొదలెట్టింది.

పైకి చేరేసరికి గంట పట్టింది.

"నూట పదకొండు" అంది ఆయాసపడుతూ.

"ఎక్కడో ఒకటి వదిలేసుంటారు."

"అంతేనంటావా?"

"అంతేనమ్మా. పుస్తకం తప్పు చెప్పదు."

దర్బారు గదిలో అతను పాఠం అప్పజెబుతుంటే, ఆవిడ పెదవులు కూడా మెల్లిగా కదులుతున్నాయి. గైడు అది గమనించాడు.

హెడ్డాఫీసు వాళ్లు అప్పుడప్పుడు మామూలు యాత్రికుల వేషంలో తనిఖీకి మనుషుల్ని పంపుతారని చెప్పుకుంటారు. ఈవిడ ఆ బాపతే అయ్యుంటుంది. తను చెప్పే ప్రతి ముక్కా బట్టీ పట్టి అక్కడ వల్లిస్తుంది. ఈ నెలాఖరుకి ఉద్యోగం పర్మనెంటు కావాలి. కాకపోతే మళ్లీ బావమరిది దుకాణంలో మూటలు మొయ్యడమే.

కారులో ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మా, సాయంత్రం మీరొక ఫారం నింపాలి. నా పర్మనెంటు దాని మీదే ఉంది. కాస్త దయ చూడండి."

"నువ్వు చక్కగానే చెబుతున్నావు నాయనా. కాకపోతే ఊపిరి తీసుకోవు."

ముందు సీట్లో డ్రైవరు కిసుక్కున నవ్వాడు. గైడు మొహం మాడిపోయింది.

రెండో మహలు పరుగుమీద చూశారు. మొదటి సముద్రపు ఊళ్లో పడవలు కారు కిటికీలోంచే చూశారు. రెండో ఊళ్లో లైట్‌హౌస్ చేరేసరికి సూర్యుడు కాస్తా మునిగిపోయాడు. రోజంతా అతను దాచిపెట్టుకున్న మంచి ముక్క ఆ సూర్యాస్తమయం గురించే.

అతని ఓపిక నశించింది.

"చూశారా? మీ మెట్ల పిచ్చితో అసలుది పోయింది! అంతమంది గైడ్లకి, ఆ పుస్తకం రాసిన మహానుభావుడికి తెలియనిది మీకు తెలుసా?"

అన్నాక నాలిక కరుచుకున్నాడు కానీ, అప్పటికే మాట జారిపోయింది.

పెద్దావిడ నొచ్చుకున్నట్టు లేదు. చీకటి పడుతున్న నీళ్లకేసి చూస్తూ, "ఎవరైనా పొరపాటు పడరా నాయనా" అంది.

తర్వాత పెన్ను అడిగి తీసుకుని ఫారం నింపింది. కవరులో పెట్టి అంటించి, అతని చేతికిచ్చింది.

ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. కవరు చింపి చూడాలని చెయ్యి ఎన్నోసార్లు లాగింది.

పొద్దున్నే మేనేజరు కవరు విప్పి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"కొండ మహలుకి మెట్లెన్ని?"

"నూట పన్నెండు సార్."

"వెళ్లి లెక్కపెట్టి రా."

అయిపోయింది, ఉద్యోగం ఊడింది అనుకున్నాడు గైడు. ఏడుపు మింగుకుంటూ వెళ్లి ఎక్కాడు. నూట పదకొండు. నమ్మబుద్ధి కాక దిగుతూ లెక్కపెట్టాడు. అప్పుడూ నూట పదకొండే. ఆరు నెలలుగా రోజూ తొక్కుతున్న మెట్లు. ఒక్కనాడూ లెక్కపెట్టిన పాపాన పోలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

పరుగున ఆఫీసుకొచ్చాడు.

"సార్, ఆవిడే రైటు. నోటికొచ్చినట్టు మాట్లాడాను. హోటలుకెళ్లి క్షమాపణ అడిగొస్తాను."

"ఫోన్ చేశాను. ఆరింటి రైలుకే వెళ్లిపోయిందట. ఊరూ పేరూ తెలుసుకుందామంటే గది తీసుకున్నది ఎవరో ఏజెంటు. అతని ఫోను మోగడం లేదు." మేనేజరు ఫారం అతని ముందుకు జరిపాడు. "నువ్వే చదువు."

ఆ అక్షరాలు చూడగానే గైడు సంచిలోంచి జిరాక్సు కట్ట తీసి పక్కన పెట్టి చూశాడు. రోజూ పనికి బయల్దేరే ముందు కళ్లకద్దుకునే రాత అది.

"అబ్బాయి మనసుపెట్టి చెబుతాడు, పర్మనెంటు చెయ్యండి. మెట్లు మాత్రం నూట పదకొండే, అందరి చేతా దిద్దించండి. ఆ పుస్తకం రాసేనాటికి నేను నిండు చూలాలిని, ఆయాసంలో ఒకటి ఎక్కువ లెక్కపెట్టినట్టున్నాను."