నాకుడు మానని పిల్లి

పశువుల పాకలో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. అది పొద్దస్తమానం తన ఒళ్లు తానే నాకుతూ ఉండేది. నాకి నాకి పొట్ట మీద బొచ్చంతా ఊడిపోయి పుండు పడింది. ఈగలు ముసిరాయి. అయినా మానలేదు.

“ఏమే, ఇవాళ పెళ్లిచూపులా?” అని కోడిపెట్ట ఎగతాళి చేసింది.

“అంతా సోకు. వేపరసం పూస్తే చేదుకి అదే మానుద్ది,” అంది మేక.

ముసలి గేదెకి ఆ పిల్లి అంటే పడదు. నాలుగేళ్ల కింద తన దూడకని ముంతలో ఉంచిన జున్నుపాలు ఈ పిల్లే తాగేసింది. గేదె అలాంటివి మరిచే రకం కాదు. అయినా మూడు రోజులు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

“ఇంటోళ్లు నీ కూనల్ని బుట్టలో ఎత్తుకుపోయి ఎన్నాళ్లయిందే?”

పిల్లి నాలుక ఆగింది. “తొమ్మిది రోజులు, పెద్దమ్మా.”

“నా దూడ పోయినప్పుడు నేను ఈ గుంజని నాకాను. చూడు, ఎంత నున్నగా అరిగిందో. బిడ్డల్ని నాకిన నాలుక ఊరికే ఉండదు. ఇట్టా వచ్చి పడుకో. నా నాలుక గరుకు, కదిలావంటే ఊరుకోను.”

పిల్లి భయపడుతూనే వచ్చి పడుకుంది. గేదె దాని తల, వీపు, ఒక చెవి దూడని నాకినట్టే నాకింది. పుండు జోలికి పోలేదు. కాసేపటికి పిల్లి గుర్రుమంటూ కళ్లు మూసింది. దాని నాలుక నోట్లోనే ఉంది.

“ఆ జున్నుపాల సంగతి మాత్రం నేను మర్చిపోలేదు,” అని గేదె రెండో చెవి కూడా శుభ్రంగా నాకింది.