దిబ్బ వదిలిన చోటు

"దిబ్బ మీద మట్టి వేసి ఎత్తు పెంచేరేమో, ఎక్కి చూడు గంగరాజూ!" అన్నాను.

ముక్తేశ్వరం రోడ్డు పక్క మా కొత్తింటి స్థలం మెరక చేయడానికి, దాని వెనక కొన్న నేల చెక్కలో మట్టి తవ్విస్తున్నాను. తవ్విన లోతును బట్టి కూలి. ఎంత లోతు తవ్విందీ కొలవడానికి కూలీలు గోతిలో ఒక దిబ్బను తవ్వకుండా వదిలారు.

మేస్త్రి గంగరాజు ఎక్కి, గడ్డి పెళ్లగించి చూశాడు. "పైన పోసింది కాదండి. కాలిన మట్టండి. బొగ్గు కూడా ఉంది."

"అయినా నడిమధ్యన వదలాలి గదా? ఈ మూలకి వదిలేరేం?"

మట్టి మోస్తున్న కూలీ దీనమ్మ తట్ట దించింది. "అది మా పొయ్యండి, బాబుగారూ. అరవైతొమ్మిది గాలివానకి పాక ఎగిరిపోయింది. అప్పటి ఆసాములు మళ్ళీ వేసుకోనివ్వలేదండి."

"ఎవరూ లేని ఖాళీ స్థలమని చెప్పి అమ్మేరే నాకు!"

"ఆయ్. మీరు కొనేనాటికి ఖాళీయేనండి."

భూమిపూజనాడు దేవుడికీ నేను అదే మాట చెప్పుకున్నాను. ఆయన విన్నాడో లేదో.

"ఆ దిబ్బని అలాగే ఉంచేయండి," అన్నాను.

"గోతిలో వాన నీళ్ళు చేరితే అదే కరిగిపోద్దండి," అంటూ దీనమ్మ పార అందుకుంది. "మీ మెరకలోకే పోయించండి. పొయ్యి మట్టి కదా, వంటింటి వైపు పోయించండి."