వేర్వేరు తొట్లు

“రెండు జాతుల్నీ ఒకే తొట్లో పెంచావు. ఒకదాని తిండి ఇంకోటి లాక్కుంటుంటే, ఏది ఎంతవరకు పెరగగలదో నీకెలా తెలుస్తుందయ్యా?”

ప్రొఫెసర్ అడిగింది నత్తలబ్బాయిని. ల్యాబులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. గుండ్రటి నత్తలు, పొడుగు నత్తలు ఒకే నాచు కోసం పోటీపడుతుంటాయి. ఒక తొట్టి ఏ జాతిని ఎన్నిటిని పోషించగలదో అంచనా వెయ్యడమే అతని పని. విడివిడిగా పెంచితే ఎక్కడ ఆగుతాయో తెలియనిదే ఆ అంచనా నిలవదని ప్రొఫెసర్ తేల్చేశాడు. మళ్ళీ పెంచాలంటే నెలలు పడుతుంది. చేపల పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ మర్నాడే. అక్కడ చెప్పుకోవడానికి అతనికున్నది ఈ లెక్కే.

కావలసిన అంకెలు పక్క బల్ల అక్క దగ్గర ఉన్నాయని అతనికి తెలుసు. గుల్లలు ఎలా గట్టిపడతాయో చూడడానికి ఆమె అవే నత్తల్ని, అలాంటి తొట్లలోనే, ఏ జాతికా జాతిని విడిగా పెంచింది. వారం వారం లెక్కపెట్టింది కూడా. కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? ఉన్నది ఒక్క ఉద్యోగం. దానికి ఆమె కూడా అప్లై చేసింది.

అతను నోరు విప్పకముందే ఆమె కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంది. తన అంకెలన్నీ అతని కంప్యూటర్లోకి ఎక్కించింది.

“ముందు గీత గియ్యి. మొహమాటం తర్వాత పడుదువు గాని.”

గీత జోరుగా పైకి లేచి, మెల్లగా వంగి, ఒకచోట చదునైంది. పొడుగు నత్తలు తమ మానాన తాము ఉంటే, అతను అనుకున్నదానికి రెట్టింపు పెరుగుతాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడిగారు. తడుముకోకుండా చెప్పాడు. ఆ అంకెలు ఎవరివో కూడా దాచలేదు. ఉద్యోగం అతనికే వచ్చింది.

కబురు తెలియగానే ల్యాబుకు పరుగెత్తాడు. ఆమె తొట్టి అద్దం తుడుస్తోంది. కళ్ళు తుడుచుకుని ఎలాగో అన్నాడు.

“నోటి దగ్గర కూడు తీసి నాకు పెట్టావక్కా. నీ రుణం ఎలా తీర్చుకోను?”

“రుణం నాదేరా, నన్ను గట్టెక్కించావు,” అందామె గుడ్డ పిండుతూ. “అప్లై చెయ్యమని ఇంట్లో ఒకటే పోరు, పడలేక చేశాను. పోయిన నెల అక్కడికి పై అధికారిగా వచ్చింది మా ఆయనే.”